విమల జూకాలు

మొన్న పెడనలో ఒక దుకాణంలో అద్దకం దుప్పటి మడత విప్పగానే కరక్కాయ వాసన ముక్కుకి తగిలింది. ఇప్పుడంతా పాకెట్లలో వచ్చే రంగులతోనే పని అయిపోతోంది కాబట్టి ఆ వాసన దొరకడం అరుదు. కొంచెం వగరు, కొంచెం విరిగిన పాల పులుపు, వెనకాల ఎండకి ఆరిన గుడ్డ వెచ్చదనం. షాపతను ఇంకేవో తీసి చూపిస్తున్నాడు గాని నేను చూడలేదు. ఆ వాసనకి నాకు గుర్తొచ్చేది మా నాన్న పని చేసిన అద్దకం షెడ్డు కాదు. షెడ్డు వెనక వసారాలో వాసానికి బోర్లించి కట్టిన పాత వెదురు బుట్ట, దాని లోపలి అంచు పొడుగునా వేలాడిన సీతాకోకచిలుకల గూళ్లు గుర్తొస్తాయి. ఉప్పెన తర్వాతి వేసవిలో ఆ గూళ్లు ఒక్కొక్కటే నల్లబడి చచ్చిపోయాయి. వాటిని చంపింది నేను. మా ఇంట్లోవాళ్లు మాత్రం, మా పిన్ని కూతురు విమల చెయ్యి మంచిది కాదు కాబట్టి చచ్చాయన్నారు. నేను ఆ మాట విని ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది ఆ ఊరుకోవడం గురించే.

మా ఇల్లు బందరులో కాలవ దగ్గర ఉండేది. ఇంటికీ కాలవకీ మధ్య తాటాకు కప్పిన పొడుగాటి షెడ్డు. అందులో అచ్చులు వేసేవాళ్లు ఒక వరసలో, గంగాళాల దగ్గర రంగు ఉడకబెట్టే మా నాన్న ఇంకో కొసన. పొద్దున్నే తెల్లగుడ్డల్ని కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి, కాలవ గట్టున పచ్చిక మీద పరిచేవాళ్లు. అవి లేత పసుపు తిరిగాక షెడ్డులోకి తెచ్చి, పాత ఇనప ముక్కల్ని బెల్లప్పాకంలో ఊరబెట్టి తీసిన నల్లనీళ్లతో మొదటి అచ్చు వేసేవాళ్లు. ఆ ఇనప నీళ్ల వాసన మా పుస్తకాలకీ, అన్నం కంచాలకీ, అమ్మ చీర కొంగుకీ కూడా పట్టి ఉండేది. నలుపు అక్కడికక్కడే గుడ్డ మీద తేలేది. ఎరుపు అలా కాదు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లలో తుమ్మజిగురు కలిపి అచ్చు వేస్తారు. అప్పటికి అక్కడ ఉందీ లేదన్నట్టు చిన్న మరక, అంతే. ఆ గుడ్డని కాలవలో జాడించి, వేర్లూ ఆకులూ వేసి మరిగించిన రాగి గంగాళంలో వేస్తే, పటిక తగిలిన చోటల్లా పువ్వులు ఎర్రగా పైకి వచ్చేవి. నాన్న పొడుగాటి వెదురు గెడతో గుడ్డని పైకి లేపి, ఆవిరిలోంచి కళ్లు చిట్లించి చూసి, చాల్లేదనిపిస్తే మళ్లీ లోపలికి దించేవాడు. అలా ఎన్నిసార్లు లేపి చూసినా గుడ్డకి ఏమీ అయ్యేది కాదు. ఈ సంగతి నా బుర్రలో చాలా లోతుగా నాటుకుపోయింది.

ఆ రోజుల్లో మా ఏడాది షెడ్డును బట్టే నడిచేది. వానాకాలంలో గుడ్డలు ఆరక పని ఆగిపోయేది. అచ్చులు వేసే మస్తాన్ మావయ్య మా అరుగు మీద కూర్చుని, టేకు అచ్చుల సందుల్లో ఇరుక్కున్న రంగుని చీపురు పుల్లతో గీకుతూ, ఇద్దరు పిల్లలం కనపడితే చాలు పందెం పెట్టి ఏడిపించేవాడు. రంజాన్ కి వాళ్లింటి నుంచి సేమియా వస్తే అమ్మ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని అందులో పూర్ణాలు వేసి పంపేది. వేసవి వస్తే తాటిముంజెలు, చద్దన్నంలో మాగాయ ముక్క, మధ్యాహ్నం పెద్దవాళ్లు కునుకు తీస్తుంటే గోడ నీడన ఏడుపెంకులాట, సాయంత్రం సముద్రం వైపు నుంచి లేచే తడిగాలి. ఆ గాలి కోసం మేమంతా వాకిట్లో నులకమంచాలు వేసుకుని ఎదురు చూసేవాళ్లం. ఉప్పెన తర్వాత కొన్నాళ్లపాటు గాలి కొంచెం గట్టిగా వీస్తే చాలు, పెద్దవాళ్లు మాటలు ఆపేసి ఆకాశం వంక చూడడం మొదలైంది.

మా పిన్నిని నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గరి పల్లెకి ఇచ్చారు. ఉప్పెనలో పిన్ని, బాబాయి, వాళ్ల నాలుగేళ్ల పిల్లాడు పోయారు. విమల ఒక్కతే బతికింది. నీళ్లు వచ్చినప్పుడు తమ్ముడి చెయ్యి తను పట్టుకుని ఉందనీ, మధ్యలో జారిపోయిందనీ నాన్న మెల్లగా అమ్మకి చెబుతుంటే నేను తలుపు పక్కన నిలబడి విన్నాను. నాన్న వెళ్లి విమలని బందరు తీసుకొచ్చాడు. దానికి అప్పుడు పదేళ్లు ఉంటాయేమో, నాకంటే ఏడాది చిన్న. ఎవరిదో పెద్ద జాకెట్టు వేసుకుని, జుట్టు మెడ దాకా కత్తిరించి ఉంది. పిలిస్తే వచ్చేది, పెడితే తినేది. మా అమ్మమ్మ, అంటే పిన్నికీ అమ్మకీ తల్లి, మాతోనే ఉండేది. చిన్నకూతురు పోయిన దుఃఖంలో ఆవిడ విమలని దగ్గరకి తీసుకునేదీ కాదు, కసిరేదీ కాదు. దాన్ని చూసినప్పుడల్లా ఆవిడ చూపు దాని పక్కన ఎవరైనా ఉన్నారేమోనని వెతుకుతున్నట్టు అటూ ఇటూ పోయేది.

ఉప్పుగాలికి ఆ ఏడు మా వైపు చెట్లన్నీ మాడిపోయాయి. మామిడి పూత లేదు, కరివేపాకు మొక్క కూడా మోడైంది. కాలవ గట్టున జిల్లేళ్లు మాత్రం ఎన్నడూ లేనంత బలంగా లేచాయి. విమల పొద్దస్తమానం ఆ జిల్లేళ్ల దగ్గర కూర్చునేది. ఒకరోజు నేను పక్కకి వెళితే, ఆకు అడుగున నలుపూ తెలుపూ పసుపూ చారల గొంగళిపురుగుని చూపించి, "కుట్టదు అన్నయ్యా. ముట్టుకో" అంది. వచ్చాక తనంతట తను నాతో అన్న మొదటి మాట అది.

షెడ్డులో అడుగు ఊడిపోయిన వెదురు బుట్ట ఒకటి తీసుకుని, గుడ్డముక్కతో అడుగు మూసి, వసారాలో బోర్లించి కట్టాం. రోజూ జిల్లేడు కొమ్మలు తెచ్చి అందులో గుచ్చేవాళ్లం. కొమ్మ తుంచితే పాలు కారి చేతులు జిగటగా అయ్యేవి. అమ్మమ్మ అరుగు మీంచే, "ఆ చేతుల్తో కళ్లు నలుపుకుంటే గుడ్డోళ్లయిపోతారే" అని అరిచేది. పురుగులు ఆకులు తిని తిని లావెక్కి, బుట్ట అంచుకి తోకతో అతుక్కుని తలకిందులుగా వేలాడి, పాత చర్మం వదిలేసి లేతాకుపచ్చ గూళ్లయిపోయేవి. ఒక్కోదాని మీద గుండుసూది మొనంత బంగారు చుక్కలు వరసగా ఉండేవి. విమల వాటిని జూకాలు అనేది. వాళ్లమ్మకి అలాంటివే ఉండేవని చెప్పింది.

మొదటి జూకా పొద్దున పూట పగిలింది. తడి గుడ్డలా ముడుచుకున్న రెక్కలతో అది బయటికి వచ్చి, వేలాడుతూ రెక్కలు చాపుకుని ఆరబెట్టుకుంది. నారింజ రంగు రెక్కలు, నల్ల అంచులు, కొసల దగ్గర నలుపులో తెల్ల మచ్చలు. విమల వేలు పెడితే వేలి మీదకి ఎక్కింది. షెడ్డులోవాళ్లంతా పని వదిలి వచ్చారు. మస్తాన్ మావయ్య దాని రెక్క చూసి, "ఇదెవడేశాడే విమలా? నేనైతే ఈ తెల్ల మచ్చ ఒక్కటి తప్పకుండా చెడగొడతాను" అన్నాడు. విమల నవ్వింది. అమ్మమ్మ కూడా లేచి వచ్చి చూసి, "పర్లేదే, పిల్లది చేత్తో పట్టి పెంచింది" అంది. సీతాకోకచిలుక ఎగిరిపోయాక కూడా విమల ఆ వేలు అలాగే చాచి కాసేపు నిలబడింది.

ఆకులు తిన్న పురుగుకి ఆ రంగులు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు అర్థం కాలేదు. గంగాళం దగ్గర నాన్నని అడిగాను. ఆయన గెడతో గుడ్డ లేపుతూ, "మన పటిక అచ్చులాంటిదే అయ్యుంటుందిరా. ఏ రంగు ఎక్కడుండాలో ముందే పడుంటుంది. కనపడదు. ఉడికేకొద్దీ తేలుద్ది" అన్నాడు. ఏదో పనిలో ఉండి తోచింది చెప్పాడు. నేను మాత్రం ఆ మాటని పట్టుకున్నాను. ఉడికేకొద్దీ తేలేదైతే, మధ్యలో లేపి చూసి మళ్లీ దించొచ్చు కదా అనుకున్నాను.

మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు నాన్న గడ్డం గీసుకునే బ్లేడు తీసుకుని, కొత్తగా కట్టిన జూకా ఒకదాన్ని రెక్క ఉండే పక్కన సన్నగా కోశాను. లోపల రెక్క ఉంది గాని రంగు లేదు. ఉల్లిపొర లాంటి తెల్లటి పొర, తడితడిగా. కోసిన చోట షెడ్డులోంచి తెచ్చిన తుమ్మజిగురు రాసి, గీత కనపడకుండా మూశాను. గుడ్డని మళ్లీ గంగాళంలోకి దించినట్టే అనుకున్నాను. కొన్నాళ్లాగి, ముందు కట్టిన ఇంకోదాన్ని కోస్తే రెక్క మీద లేత నారింజ చాయ వచ్చింది, నలుపు ఇంకా లేదు. మరోదాంట్లో తెల్ల మచ్చలు విడివిడిగా తెలుస్తున్నాయి, అంచులు అప్పుడే మసకబారుతున్నాయి. మా షెడ్డులో నలుపు ముందు, ఎరుపు తర్వాత. జూకాలో నలుపు అన్నిటికంటే ఆఖరు. అది కనిపెట్టినందుకు నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. బుట్టలో ఏదీ వదలకుండా, ఒకదాని తర్వాత ఒకటి కోసి చూశాను. విమలకి చూపించి ఆశ్చర్యపరచాలని కూడా అనుకున్నాను. అన్నీ పూర్తయ్యాక చెబుదామని ఆగాను.

జూకాలు నల్లబడడం మొదలైంది. రంగు తేలి నల్లబడడం కాదు, పాడైన పండులా లోపలికి కుంగి నల్లబడడం. జిగురు తీపికి చీమలు పట్టాయి. విమల పొద్దున్నే లేచి చీమల్ని ఒక్కొక్కటిగా ఊది తోలేది. ఆకులు మార్చింది, బుట్టని నీడకి జరిపింది, ఏం తక్కువైందో తెలియక నన్ను అడిగింది. నాకు అప్పటికి అర్థమైంది. అయినా, "ఏమో" అన్నాను.

అమ్మమ్మ ఒకనాటి పొద్దున ఆ బుట్ట కిందకి వచ్చి నిలబడి చూసింది. విమల చేతిలో చచ్చిన జూకా ఉంది. "దీని చేతిలో ఏదీ నిలవదమ్మా. అక్కడా అంతే, ఇక్కడా అంతే" అంది అమ్మతో. గొంతు పెంచలేదు. ఎండ ఎక్కువగా ఉందన్నట్టే అంది. అమ్మ, "ఊరుకో అమ్మా, పిల్ల వింటుంది" అంది గాని, అబద్ధమని అనలేదు. విమల చేతిలోది కింద పెట్టి, రెండు చేతులూ గౌను వెనక దాచుకుంది.

నేను స్తంభం పక్కనే ఉన్నాను. బ్లేడు సంగతి చెబితే నాన్న కొడతాడని భయపడ్డాననే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి మా నాన్న కొట్టే మనిషి కాదు. ఆ క్షణాన నాకు కలిగింది భయం కాదు, హాయి. చావులకి ఒక కారణం దొరికింది, అది నేను కాదు. ఇలా రాసుకోవడం సిగ్గుగానే ఉంది, కానీ జరిగింది అదే.

మా ఇళ్లలో చేతికి ఉన్న పట్టింపు ఇప్పటివాళ్లకి చెబితే వింతగా ఉంటుంది. ఆవకాయ జాడీలో మొదటి గరిటె ఎవరు కలపాలి, బంతినారు ఎవరు నాటాలి, షెడ్డులో కొత్త గంగాళం ఎక్కిస్తే మొదటి గుడ్డ ఎవరు దించాలి, అన్నిటికీ చల్లని చెయ్యి ఉన్న మనిషిని వెతికేవాళ్లు. ఆ మాట తర్వాత విమలని ఎవరూ తిట్టలేదు. కానీ బజారులో కొన్న కాయలతో ఆవకాయ పెట్టినప్పుడు అమ్మమ్మ దాన్ని గుమ్మం అవతల కూర్చోమంది. పక్కింటి గేదె ఈనితే చూడ్డానికి వెళ్లనివ్వలేదు. కొన్నాళ్లకి ఎవరూ చెప్పకుండానే విమల దూరంగా జరగడం నేర్చుకుంది. గచ్చకాయల ఆటలో బందరు పిల్లలందరినీ ఓడించే చెయ్యి, ఆటకి పిలిచినా రావడం మానేసింది.

బడులు తెరిచేలోపు గుడివాడలో ఉన్న వాళ్ల మేనత్త వచ్చి విమలని తీసుకుపోయింది. అమ్మమ్మ ముఖం చూడలేక అమ్మే కబురు పెట్టిందని తర్వాత తెలిసింది. బస్టాండులో విమల నా దగ్గరకొచ్చి, "ఒక్కటే మిగిలింది అన్నయ్యా. నేను దాన్ని అస్సలు ముట్టుకోలేదు. నువ్వు చూసుకో, అది బతుకుద్ది" అంది. సరే అన్నాను. దాన్ని అంతకు ముందే కోసి జిగురు పెట్టాను. బస్సు కదిలేటప్పుడు అందరు పిల్లల్లా కిటికీ ఊచలు పట్టుకుని చెయ్యి ఊపలేదు విమల. చేతులు ఒళ్లో పెట్టుకుని నా వంక చూస్తూ వెళ్లిపోయింది.

నేను చదువుకుని సైన్సు మాస్టారినయ్యాను. నందివాడ వైపు, ముదినేపల్లి వైపు బళ్లలో పని చేశాను. సీతాకోకచిలుక పాఠం ఏటా వచ్చేది, రంగులెలా వస్తాయి సార్ అని ఎవరో ఒకరు ఏటా అడిగేవారు. చెప్పేవాణ్ణి. గూడులో రెక్క మొదట రంగులేని పలచటి పొర. దాని మీద పెంకుటింటి కప్పులా వరసలు వరసలుగా, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి, కంటికి ఆనని పొలుసులు మొలుస్తాయి. చిలుకని పట్టుకుంటే వేళ్లకి అంటుకునే పొడి ఆ పొలుసులే. ఒక్కో పొలుసుకి ఒక్కటే రంగు. ఏ పొలుసు ఏ రంగు కావాలన్నది రంగు పుట్టకముందే నిర్ణయమై ఉంటుంది. ఆ తర్వాత లేత రంగులు ముందు, నలుపు చివర, ఒక్కొక్కటే తేలతాయి. అంటే గంగాళం పక్కన నాన్న తోచి అన్న మాట చాలావరకు నిజమే. అబద్ధమైంది నేను దానికి తగిలించుకున్నది. గుడ్డని లేపి చూడొచ్చు, ప్రాణాన్ని లేపి చూడకూడదు. గూడు తెగితే లోపలి తడి ఆరిపోతుంది, పురుగుపుట్ర చేరుతుంది, అచ్చు పడి ఉన్న రంగు ఇక తేలదు. ఇదంతా పిల్లలకి బోర్డు మీద బొమ్మ వేసి చెప్పేవాణ్ణి. చెప్పాల్సిన ఒక్క మనిషికి చెప్పలేదు.

విమల గుడివాడలోనే పెరిగింది, అక్కడే పెళ్లయింది, పిల్లలు స్థిరపడ్డారు. పెళ్లిళ్లలో కలిసేవాళ్లం. అక్షింతలు వెయ్యమంటే వెనక వరసలోకి జరిగేది. మా గృహప్రవేశానికి పాలగిన్నె పొయ్యి మీద పెట్టమని మా ఆవిడ అడిగితే, "ఇంకెవరైనా పెడతార్లే వదినా" అని నవ్వింది. మొహమాటమనుకున్నాను. అనుకోవడం నాకు సుఖం కాబట్టి అనుకున్నాను.

పోయిన నెల మా మనవరాలి బారసాల. మా ఆవిడ కంటే కూడా వయసులో పెద్దది కాబట్టి, ఇంట్లో పెద్ద ఆడవాళ్లంటే ఇప్పుడు విమలే. పిల్లని ఉయ్యాల్లో వెయ్యమని మా అమ్మాయి దాని చేతికి అందించబోయింది. విమల రెండడుగులు వెనక్కి వేసి, నా వైపు చూసి, ఎవరికీ వినపడకుండా, "నా చెయ్యెందుకు అన్నయ్యా, నీకు తెలుసుగా" అంది.

నాకు తెలుసు. అందరికంటే నాకే తెలుసు.

ఇప్పుడు మా షెడ్డు ఉన్న చోట మూడంతస్తుల ఇళ్లు లేచాయి. కాలవ నీళ్లలో గుడ్డలు జాడించేవాళ్లు లేరు, జిల్లేళ్ల గట్టుకి సిమెంటు పోశారు. నాన్న, అమ్మ, అమ్మమ్మ, మస్తాన్ మావయ్య అందరూ వెళ్లిపోయారు. ఆ వేసవి గురించి తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాం, అందులో ఒకరికి తెలిసింది తప్పు. పెడన దుకాణంలోంచి ఏమీ కొనకుండా బయటికొచ్చి గుడివాడ బస్సెక్కాను.

విమల వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. "ఏంటన్నయ్యా, ఫోనైనా చెయ్యకుండా? వదిన తరిమేసిందా?" అంది. నేను కూర్చోకుండానే చెప్పాను. బ్లేడు, తుమ్మజిగురు, మధ్యాహ్నాలు, అన్నీ. దాని చేతులు ఆగిపోయాయి.

"అన్నీనా?" అంది.

"అన్నీ."

"నీకప్పజెప్పి వెళ్లింది?"

"అది కూడా. అప్పటికే కోసేశాను."

విమల చింతపండు పళ్లెం పక్కకి జరిపి, చేతులు కొంగుకి తుడుచుకుంది. కోపం వస్తుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. రెండూ కాలేదు.

"తమ్ముణ్ణి నీళ్లు లాక్కుపోయాయనే అనుకునేదాన్ని అన్నయ్యా, బందరు వచ్చిన కొత్తలో" అంది మెల్లగా. "జూకాలు పోయాక, అమ్మమ్మ ఆ మాట అన్నాకే, నా చేతి వల్లే జారాడేమో అనిపించడం మొదలైంది. నా పిల్లల్ని కూడా పుట్టిన వెంటనే ఎత్తుకోలేదు. నర్సు తిట్టింది కూడాను."

దాని ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"వాణ్ణి లాక్కుపోయింది నీళ్లే విమలా. వాటిని చంపింది నేను. నీ చెయ్యి ఎప్పుడూ ఏ తప్పూ చెయ్యలేదు. ఆ రోజు స్తంభం పక్కన నిలబడి ఈ మాట అనాల్సింది, అనలేదు. నన్ను క్షమించు తల్లీ."